ఎలిజబెత్ అక్క మోకాలు

మంగళవారం వచ్చిందంటే నాకు నీరసం. నాచారంలో మా బిస్కెట్ల ఫ్యాక్టరీలో తొమ్మిది గంటలు నిలబడి ప్యాకింగ్ చేసి, ఆ కాళ్లతోనే ఇంకొకరి మోకాలి కోసం ప్రార్థన చేయడానికి వెళ్లాలి. ఒకటి రెండు వారాలైతే సరే అనుకోవచ్చు. పది వారాలు!

మా చర్చి స్త్రీల సమాజంలో పద్ధతి అది. ఒంట్లో బాగాలేనివాళ్లు ఆదివారం ఆరాధనలో చెబుతారు. ఆ మంగళవారం నుంచి మేం ఐదుగురం వాళ్లింటికి వెళ్లి, నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి ప్రార్థిస్తాం. తగ్గాక వాళ్లు చర్చిలో నిలబడి, దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెబుతారు. ఆపైన మేం ఇంకో ఇంటికి పోతాం. ఎవరైనా మూడు నాలుగు వారాల్లో సాక్ష్యం చెప్పేవాళ్లే. ఎలిజబెత్ అక్క మాత్రం చెప్పదు.

అక్కకు అరవై ఒకటి. మందుల కంపెనీలో సీసాలు కడిగే పని చేసి మానేసింది. పెళ్లి చేసుకోలేదు. తనూ చెల్లెలూ ఇరవై రెండేళ్లు ఒకే గదిలో ఉన్నారు. రెండేళ్ల కింద చెల్లెలు పోయింది. ఇప్పుడు ఆ గదిలో అక్క, ఒక టీవీ. మేం వెళ్లేసరికి ఐదు కుర్చీలు వేసి ఉండేవి, వాటిలో రెండు పక్కింటివాళ్లను అడిగి తెచ్చినవి. పొయ్యి మీద టీ, గిన్నె నిండా ఉప్మా. నడవలేని మనిషి ఇవన్నీ ఎలా చేస్తోందని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ఉప్మా బాగుండేది.

ఎనిమిదో వారం మా సమాజం పెద్ద సూర్యకళక్క ఒక కబురు తెచ్చింది. వాళ్ల తమ్ముడు పనిచేసే ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్ ఉచితంగా చేస్తారట. తనే తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించింది. అరిగిందన్నారు. అరవై దాటితే ఎవరి మోకాలైనా ఎంతో కొంత అరుగుతుంది. నొప్పి ఎంత ఉందో చెప్పాల్సింది మాత్రం మనిషే. "లేవలేకపోతున్న సార్" అని చెప్పింది అక్క. పదకొండో వారం గురువారానికి తేదీ ఇచ్చారు.

దానికి ముందు శనివారం, విరిగిన కళ్లజోడు బాగుచేయించుకోవడానికి ఉప్పల్ వెళ్లాను. రింగ్ రోడ్డు దగ్గర బస్సు దిగితే, చౌరస్తా పైన గుండ్రంగా కట్టిన స్కైవాక్ వంతెన లిఫ్టు ముందు జనం. పక్కన మెట్ల మీద ఒకావిడ కూరగాయల సంచీతో చకచకా ఎక్కిపోతోంది. ఆ చీర నాకు తెలుసు. ఆ కుడికాలు ఇంకా బాగా తెలుసు. పది మంగళవారాలు దాని మీద చెయ్యి పెట్టాను.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయాసపడుతూ వెంట ఎక్కాను. పైకెళ్లి ఆమె ఎటూ దిగలేదు. వంతెన మీదే ఒక చుట్టు తిరిగింది. మళ్లీ ఇంకో చుట్టు. మెట్రో కోసం ఉరుకుతున్న జనం మధ్యలోంచే నడిచింది. మూడో చుట్టులో నేను అడ్డంగా నిలబడ్డాను.

"అక్కా, నీ మోకాలు ఏడ వెట్టి వచ్చినవ్?"

ఆమె సంచీ కింద పెట్టింది. బుకాయించలేదు.

"నాలుగో వారమే నొప్పి తక్కువైంది రోజీ."

"మరి సాక్ష్యం జెప్పకపోతివి?"

"జెప్తే మీరు రారు గదా."

"గురువారం కత్తి వెడ్తరు! మంచిగున్న కాలు కోయించుకుంటవా? పిచ్చి లేసిందా ఏంది నీకు?"

"లేస్తదనే నా బుగులు" అంది. "రాత్రి నిద్ర వడ్తలేదు. ఒక్కదానికి వండుడెందుకని రెండు రోజులు తినకుండ గూడ ఉన్న. మొన్న కుక్కర్ కూత వెడ్తే ఎవలో పిలిచినట్టు 'ఆఁ, వస్తున్న' అన్న. అన్నంక మస్తు ఏడ్చిన. గందుకే ఈడికి వస్త. ఇంతమంది తిరుగుతుంటరు. ఎవలో ఒకళ్లు 'జర జరుగమ్మా' అంటరు. కొన్ని దినాలు నాతోని ఎవలన్న మాట్లాడేది గంతే."

నేను కింద ఉన్న ఆమె సంచీ చేతికి తీసుకున్నాను.

"ఆపరేషనైతే ఆరు వారాలు మంచమేనట. రోజుకొకళ్లం వస్తమని సూర్యకళ జెప్పింది. రోజుకొకళ్లు, రోజీ."

నిజం చెప్పాలంటే నా కోపం పోలేదు. పది సాయంత్రాలు నావి. కానీ దాని పక్కనే భయం వేసింది. మా ఇంట్లో ముగ్గురం ఉంటాం. ముందు రోజు రాత్రి మా ఆయన పీటర్ నాతో అన్న మాట "ఉప్పు తక్కువైంది" ఒక్కటే. నేను ఇల్లు చేరేదాకా అదే ఆలోచిస్తానని తెలిసి ఇంకా చిరాకేసింది.

"గురువారం నేను లీవు వెడ్త" అన్నాను. "దవాఖానకు పోదాం. కత్తికి గాదు, మనసు డాక్టర్ దగ్గరికి. నిద్ర లేదని, తింటలేనని ఆయనకు జెప్పు. గానీ మంగళవారం అందరి ముంగట నువ్వే నిజం జెప్పాలె. నేనైతే జెప్ప. నీ మోకాలి మీద చెయ్యి మాత్రం వెట్ట."

మంగళవారం మళ్లీ ఐదు కుర్చీలు, ఉప్మా. అక్క నా వైపు చూడకుండా టీ పోసింది. సూర్యకళక్క డాక్టర్ల చేతుల కోసం ప్రార్థన మొదలుపెట్టింది. మోకాలి మీద నాలుగు చేతులు పడ్డాయి. నా చెయ్యి నా ఒళ్లోనే ఉంది. కాసేపటికి కళ్లు తెరిచాను. అక్క కళ్లు తెరుచుకునే ఉన్నాయి. నా చేతినే చూస్తోంది.

"ఆపు సూర్యకళా" అంది. "మోకాలు మంచిగనే ఉంది. ఏడు వారాల సంది మంచిగనే ఉంది. ఇంట్ల ఎవలు లేరు, గదే నా నొప్పి. దానికి గూడ ప్రార్థన జేస్తరో లేదోనని అడగలే."

మా ఐదుగురిలో ఒకరైన రాణి చటుక్కున లేచింది. "పిల్లలను ఇడిచిపెట్టి వస్తున్నమక్కా! గిట్ల అబద్ధమాడుతవా?" అని తలుపు వైపు నడిచింది. ఆమె కోపంలో తప్పేమీ లేదు. శనివారం నాదీ అదే కోపం.

సూర్యకళక్క కామెర్లకూ కిడ్నీలో రాళ్లకూ తడుముకోకుండా ప్రార్థన చేసే మనిషి. ఇప్పుడు మాత్రం మోకాలి మీంచి తీసిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"మరి దీనికి" అంది చివరికి, "చెయ్యి ఏడ వెట్టాలె?"

అక్క ఆ చెయ్యి పట్టుకుని మళ్లీ తన మోకాలి మీదే పెట్టుకుంది.

"ఈడనే ఉంచు" అంది. "ఏడైనా ఒకటే."

నేనూ చెయ్యి పెట్టాను. గుమ్మం దాకా పోయిన రాణి ఇంకా చెప్పులు వేసుకోలేదు.