గుమ్మంలో ఇరుక్కున్న బల్ల

టెలిఫోను ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు ఊరివాళ్ళ మాటలన్నీ కలిపి కలిపి రిటైరైన ఆవిడను వీధిలో అందరూ ఆపరేటరమ్మ అనేవారు. ఆవిడ భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇద్దరికీ సొంత ఇల్లంటూ ఏర్పడేసరికి తలలు నెరిశాయి. అంతవరకూ కాపురమంతా డిపో వెనక క్వార్టర్లోనే. ఒకదాని వెనక ఒకటిగా రెండు గదులు. చుట్టాలొస్తే ఒక జట్టు తిని లేచాకే ఇంకో జట్టు కూర్చోవాలి. ఆఖరి జట్టులో ఆపరేటరమ్మ. అప్పటికి గిన్నెల్లో అడుగు కనిపిస్తుండేది.

కొత్త ఇంట్లో వంటగది కాక మూడు గదులు. ముందు పెద్ద హాలు, వెనక నాలుగు గోడల మధ్య చిన్న పెరడు. మొదటి పదిహేను రోజులూ ఇద్దరూ ఆ ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినట్టే తిరిగారు. లైటు వేద్దామని ఆవిడ చెయ్యి వెళ్ళిన చోటల్లా గోడే తగిలేది. డ్రైవరుగారు తెల్లవారుజామున డ్యూటీకి లేచినట్టు లేచి, ఎటూ వెళ్ళనక్కర్లేదని గుర్తొచ్చి, కిటికీలు లెక్కపెట్టి మళ్ళీ పడుకునేవారు. మెల్లగా ఇల్లు అలవాటులోకి వచ్చింది. అప్పుడు ఆవిడ మనసులో ఎన్నాళ్ళుగానో ఉన్న మాట బయటపెట్టింది.

"ఏమండీ, మనవాళ్ళందర్నీ ఒక్కసారి పిలుద్దాం. అందరం ఒకే పూట, ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి. జట్లూ గిట్లూ వద్దు."

"పిలుద్దాం. ఎంతమందవుతారు?"

"మనమిద్దరం, అమ్మాయి, అల్లుడు, పిల్లలిద్దరు. అబ్బాయి, కోడలు. మా అక్క. తొమ్మిది. మీ తమ్ముడూ, తోడికోడలూ కలిపి పదకొండు."

డ్రైవరుగారు చేతిలో ఉన్న పేపరు మడిచేశారు. "వాడి ఊసెత్తకు."

ఆరేళ్ళ కిందటి గొడవ అది. మనవడు పుట్టాక అందరూ చూడ్డానికి వచ్చిన రోజు, వడ్రంగం చేసే తమ్ముడు ఆ ఇరుకు క్వార్టర్లో మంచానికి మోకాలు కొట్టుకుని, "అన్నయ్యా, ఇది ఇల్లా, బస్సా? ముందు తలుపున ఎక్కి వెనక తలుపున దిగడమేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. పెళ్ళాంబిడ్డల్ని అంతకంటే మంచి ఇంట్లో పెట్టలేకపోయానని లోలోపల కుమిలే మనిషికి మాత్రం నవ్వు రాలేదు. "నచ్చకపోతే దిగిపో. మళ్ళీ నా గడప తొక్కకు" అనేశారు. తమ్ముడు కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. పిడుగు పడ్డ చెట్టులా ఆ మాట అక్కడే నిలబడిపోయింది.

"గడప తొక్కొద్దన్నాను. అన్నమాట అన్నమాటే" అన్నారు డ్రైవరుగారు.

"మీరన్నది ఏ గడప?"

"ఏ గడపేంటి?"

"క్వార్టరు గడప. దాన్ని డిపోవాళ్ళకి అప్పగించి తాళాలు కూడా ఇచ్చేశాం. ఆ గడప ఎవరు తొక్కితే మనకేం, తొక్కకపోతే మనకేం? ఈ గడప గురించి మీరెప్పుడూ ఏమీ అనలేదే!"

డ్రైవరుగారు మడిచిన పేపరు విప్పి మళ్ళీ మడిచారు. గొంతు తగ్గించి అన్నారు. "నీకు తెలీదే. నేను దిగొచ్చాను, వాడే రాలేదు. రెండేళ్ళ కిందట బజార్లో కనపడితే వెనకనుంచి రెండుసార్లు పిలిచా. మెడ కూడా తిప్పకుండా వెళ్ళిపోయాడు."

ఆ సంగతి ఆవిడకు అప్పుడే తెలిసింది. ఆయన మొహం చూస్తే ఆ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉందనిపించింది. అయినా వదల్లేదు.

"సరే, రమ్మను. నేను మాత్రం పలకరించను" అన్నారాయన చివరికి.

ఆవిడ ఫోను చేసింది. ఎప్పుడు చేసినా తోడికోడలే ఎత్తేది, ఆ రోజూ ఆవిడే ఎత్తింది. "తప్పకుండా వస్తాం అక్కా" అంటుంటే ఆ గొంతు వణికింది. సంతోషం కాబోలు అనుకుంది ఆపరేటరమ్మ. ముప్పై ఏళ్ళు గొంతులు వింటూ బతికిన మనిషి, మరిది ఎందుకు ఫోను దగ్గరికి రాడో మాత్రం ఆలోచించలేదు.

బల్ల సంగతి డ్రైవరుగారు చూసుకున్నారు. డిపోలో పాత క్యాంటీను మూసేస్తూ, కావలసినవాళ్ళు సామాను పట్టుకెళ్ళమన్నారు. అందులో ఓ పొడుగాటి బల్ల, పన్నెండు మంది కూర్చునేది, ఈయన కంటపడింది. అనుకున్న ఆదివారం పొద్దున్నే అది ట్రక్కులో వచ్చింది. మోసేవాళ్ళిద్దరు బయటనుంచి తోస్తుంటే డ్రైవరుగారు హాల్లో నిలబడి, "రానీ, రానీ, కొంచెం ఎడమకి, రానీ..." అంటూ చేతులూపారు. బల్ల సగందాకా వచ్చి, ఒక పక్కకి ఒరిగి, గుమ్మంలో బిగుసుకుపోయింది. ఇక ముందుకూ లేదు, వెనక్కూ లేదు. వేరే సామాను దింపాలి, మధ్యాహ్నం వస్తామని చెప్పి మోసేవాళ్ళు జారుకున్నారు.

పెరట్లోంచి వీధిలోకి దారి లేదు. కాబట్టి మొగుడూ పెళ్ళాలిద్దరూ సొంత ఇంట్లోనే బందీలయ్యారు.

"ముప్పై నాలుగేళ్ళు సందుల్లో గొందుల్లో బస్సు తిప్పారు. బల్ల తిప్పలేకపోయారా?" అంది ఆవిడ.

"బస్సుకి స్టీరింగు ఉంటుందే" అన్నారాయన చెమట తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడు తమ్ముడూ, తోడికోడలూ వీధి మలుపు తిరిగి వచ్చారు. తమ్ముడి జుట్టు బాగా పలచబడింది. గేటు దగ్గర ఆగి, గుమ్మంకేసి, రోగిని చూసే డాక్టరులా చూశాడు. సంచి కింద పెట్టి, వంగి, బల్ల కాలు తట్టి చూసి తలెత్తాడు.

"వదినా, దీన్ని ఇలా దూర్చిన మహానుభావుడెవరు?"

"మీ అన్నయ్యే" అంది ఆవిడ బల్ల మీదనుంచి తొంగిచూసి, నవ్వు ఆపుకుంటూ.

డ్రైవరుగారు గోడకేసి చూస్తూ, "ముందు వచ్చినవాళ్ళని మంచినీళ్ళు తాగమను" అన్నారు. తమ్ముడు పలకలేదు. "చూశావా? నేను పలికినా వాడు పలకడు" అని గొణిగారు.

ఇక అక్కణ్ణుంచి ఆపరేటరమ్మకు మళ్ళీ పాత ఉద్యోగం పడింది. "కుడి పక్క ఎత్తమను" అంటారు ఈయన. "కుడి పక్క ఎత్తమంటున్నారు" అని ఆవిడ బయటికి అరుస్తుంది. "ముందు వెనక్కి లాగాలి వదినా, తోస్తే రాదు" అంటాడు అతను. "వెనక్కి లాగాలట" అని ఆవిడ లోపలికి చెబుతుంది. అలా లోపల ఈయన ఎత్తుతుంటే బయట అతను లాగుతుండగా, బల్ల ఒక్కసారిగా జారింది. తమ్ముడి చెయ్యి ఇంకా తలుపు చట్రానికీ బల్ల అంచుకీ మధ్య ఉంది.

"ఒరేయ్, చెయ్యి! చెయ్యి తియ్యరా!" అని కేకపెట్టారు డ్రైవరుగారు.

అతను తియ్యలేదు. తోడికోడలు పరుగున వచ్చి ఆ చేతిని లాగేసింది. మరు క్షణంలో బల్ల అంచు చట్రానికి ఠప్పున తగిలి, చెక్క పెచ్చు లేచింది.

"పలక్కపోతే పలక్కపోయావు, వేళ్ళు పోగొట్టుకుంటావుట్రా!" డ్రైవరుగారు కోపంతోనూ భయంతోనూ అరిచారు.

తోడికోడలు ఏడుస్తూ అంది. "ఆయనకి వినపడదు బావగారూ. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిదీ అంతంతమాత్రం. ఎదురుగా మొహం కనపడితే పెదాల్ని బట్టి సగం గ్రహిస్తారు. ముప్పై ఏళ్ళు రంపం మిషను దగ్గర నిలబడ్డారు కదా. నాలుగేళ్ళయింది. ఎవరికీ చెప్పనివ్వలేదు. చెవిటి వడ్రంగికి పని ఎవరిస్తారని."

"నాలుగేళ్ళా?" అన్నారు డ్రైవరుగారు. ఆయన ఏం లెక్కేసుకుంటున్నారో ఆపరేటరమ్మకు అర్థమైంది. బజార్లో పిలిచింది రెండేళ్ళ కిందట, వెనకనుంచి.

తర్వాత ఆయన చేసిన పని ఆవిడ కలలో కూడా ఊహించనిది. అరవై దాటిన మనిషి, బొజ్జ ఉన్న మనిషి, నేలమీద మోకాళ్ళేసి, జారిన బల్ల కింద అప్పుడే ఏర్పడ్డ సందులోంచి పాకుతూ బయటికి వెళ్ళారు. చొక్కా వెనక చిరిగింది. పట్టించుకోలేదు. లేచి, తమ్ముడికి కుడివైపు వెళ్ళి నిలబడి, "ఒరేయ్ చిన్నోడా!" అన్నారు.

"అంత అరవకు అన్నయ్యా. ఈ చెవి ఇంకా బతికే ఉంది."

"బజార్లో పిలిచానురా."

"ఎప్పుడు?"

"రెండేళ్ళయింది."

తమ్ముడు అన్న మొహంలోకి చూశాడు. "ఇప్పుడు పలుకుతున్నాగా" అన్నాడు.

డ్రైవరుగారు తమ్ముడి చెయ్యి పట్టుకుని వేళ్ళన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటే నొక్కి చూశారు.

ఆ తర్వాత పని పది నిమిషాల్లో అయిపోయింది. బల్లని పూర్తిగా బయటికి లాగి, పక్కకి పడుకోబెట్టి, చొక్కా చేతులు తొడిగినట్టు ముందు రెండు కాళ్ళూ లోపలికి దూర్చి, మెలి తిప్పారు. "బస్సయినా అంతే కదా అన్నయ్యా, ఇరుక్కుంటే రివర్సు చెయ్యాలి గాని యాక్సిలేటరు తొక్కితే ఎలా?" అన్నాడు తమ్ముడు. అని, బస్సు మాట ఎందుకెత్తానా అన్నట్టు నాలుక కరుచుకున్నాడు. డ్రైవరుగారు పగలబడి నవ్వారు. ఆరేళ్ళ నవ్వు బాకీ ఒకేసారి తీర్చినట్టుంది.

పన్నెండుకల్లా మిగతావాళ్ళు వచ్చారు. కుర్చీలు చాలలేదు. రెండు స్టూళ్ళూ, ఓ ట్రంకు పెట్టే, పెరట్లోంచి తెచ్చిన సిమెంటు దిమ్మా సర్దుకున్నాయి. తమ్ముడికి కుడిపక్క కుర్చీలో ఆపరేటరమ్మ అక్కగారు కూర్చోబోతే డ్రైవరుగారు అడ్డుపడ్డారు.

"అది నా చోటు వదినగారూ."

"ఇల్లంతా నీదే కదయ్యా, ఈ ఒక్క కుర్చీ నాకు వదలకూడదా?" అని ఆవిడ మూతి విరుచుకుంటూ ట్రంకు పెట్టె మీద కూర్చుంది. కాసేపటికి అది కుర్చీకంటే హాయిగా ఉందని ఆవిడే ఒప్పుకుంది.

ఆపరేటరమ్మ అలవాటుకొద్దీ గరిటె పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతుంటే కూతురు ఆ గరిటె లాక్కుంది. "గిన్నెలన్నీ బల్ల మీదే ఉన్నాయి, ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకుంటారు. నువ్వు కూర్చోమ్మా." ఆవిడ కూర్చుంది. వేడి వేడి కూరతో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఎంత కారం వేశానో ఇన్నేళ్ళకు తెలిసింది అనుకుంది. చల్లారాక తినే మనిషికి తన వంట రుచి తనకే తెలీదు మరి.

సాయంత్రానికి పిల్లలు వెళ్ళిపోయారు, అక్కగారు వెళ్ళిపోయింది. తమ్ముడూ తోడికోడలూ మాత్రం ఆగారు. పెచ్చు లేచిన చట్రం సరిచేసి గాని కదలనన్నాడు అతను. చట్రం మర్నాటికి అయిపోయింది. తర్వాత వంటింటి తలుపు కిర్రుమంటోందన్నాడు. తర్వాత అలమరకు అరలు సరిగా లేవన్నాడు. అలా నాలుగు రోజులు గడిచాయి. పనిలో అన్న మేకులు అందించేవారు, తమ్ముడు కొట్టేవాడు. "చెవితో మేకులు కొడతార్రా? నీకు పనెందుకు దొరకదో నేనూ చూస్తా" అని, పాత డిపోకి వెళ్ళి బస్సు సీట్ల మరమ్మతు విభాగంలో మాట్లాడి వచ్చారు డ్రైవరుగారు. వచ్చే నెలనుంచి తమ్ముణ్ణి పనిలోకి రమ్మన్నారట.

నాలుగో రోజు సాయంత్రం పక్కింటావిడ గేటు దగ్గరికి వచ్చి, మొహమాటపడుతూ ఆపరేటరమ్మను పిలిచింది.

"ఏమనుకోకండి. మీ అరుగు మీంచి గంటసేపట్నుంచీ కేకలు వినపడుతున్నాయి. ఏదైనా గొడవా? మా ఆయన్ని పంపమంటారా?"

ఆపరేటరమ్మ వెనక్కి తిరిగి చూసింది. అరుగు మీద అన్న తమ్ముడి కుడిచెవి దగ్గర నోరు పెట్టి, గొంతు చించుకుని, ఎప్పుడో చిన్నప్పుడు గేదె తరిమిన కథ చెబుతున్నారు. తమ్ముడు అంతకంటే గట్టిగా, తరిమింది గేదె కాదు మేక అని వాదిస్తున్నాడు.

"గొడవేం లేదమ్మా" అంది ఆవిడ. "కబుర్లు చెప్పుకుంటున్నారు. రేపు కూడా చెప్పుకుంటారు. కాస్త ఓర్చుకోండి."