ఇదివరకే విడుదలైన పిల్ల

ట్యాబ్లెట్ మూడోసారి కూడా అదే మాట అంది. "ఈ బాలిక ఇదివరకే విడుదలైంది. మళ్ళీ నమోదు చేయడం కుదరదు."

పెద్ద మేడమ్‌కి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! పిల్లల చేతా పెద్దల చేతా బలవంతపు చాకిరీ చేయించడాన్ని మాన్పించే ప్రాజెక్టుకి ఆవిడ అధిపతి. అయిదు దేశాల్లో పని. ఆవిడ ఒక్క సంతకం పెడితే నాలుగు వందల మంది ఉద్యోగులు కదులుతారు. అలాంటి మనిషి పొద్దుటి నుంచీ ఒక్క పిల్లకి ఒక్క మంచం ఇప్పించలేక రేవు ఊళ్ళోని ఆఫీసులో ఈ దిక్కుమాలిన పరికరం ముందు కూర్చుని ఉంది.

"నేను చెప్పలేదూ? నొక్కీ నొక్కీ నా వేళ్ళు అరిగిపోయాయి మేడమ్. ఉన్న వేళ్ళే అంతంతమాత్రం," అంది అత్తమ్మ.

అత్తమ్మ అంటే ఎవరికీ అత్తగారు కాదు. రొయ్యల షెడ్లో ఇరవై ఏళ్ళు ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పొట్టు ఒలిచిన మనిషి. ఆర్నెల్ల కిందట ప్రాజెక్టులో చేరి ఇప్పుడు అలాంటి షెడ్లలోనే పిల్లల్ని వెతుకుతోంది. పిల్లలు అత్తమ్మా అని పిలవడం మొదలుపెడితే ఆఫీసంతా అదే పట్టుకుంది, ఆవిడకన్నా రెండేళ్ళు పెద్దదైన మేడమ్‌తో సహా.

జరిగింది ఇదీ. ఆ ఉదయం కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ని వెంటబెట్టుకుని అత్తమ్మ రేవు వెనక షెడ్లోకి వెళ్ళింది. బయటి నుంచి గొళ్ళెం పెట్టిన గదిలో పదకొండు మంది పిల్లలు దొరికారు. ప్రాజెక్టు వసతి గృహంలో మంచం ఇస్తున్నట్టు చీటీ వస్తేనే ఇన్‌స్పెక్టరు పిల్లని అప్పగిస్తాడు. చీటీ రాకపోతే సంరక్షకుడి దగ్గరే వదిలెయ్యాలి. పది మందికి చకచకా చీటీలు వచ్చేశాయి. పదకొండో పిల్ల వేలిముద్ర దగ్గర పరికరం మొండికేసింది. ఆ పిల్ల సంరక్షకుడు ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ షెడ్డు మేస్త్రీ! పిల్లకి మేనమామనంటూ ఎక్కడి నుంచో కాగితం పట్టుకొచ్చాడు. రెండు గంటలకి అతని వ్యాను ఇంకో రేవుకి బయల్దేరుతుంది. ఇప్పుడు పన్నెండున్నర.

"వసతి గృహంలో సగం మంచాలు ఖాళీగా ఉన్నాయి కదా అత్తమ్మా?"

"దుప్పట్లు కూడా ఉతికి మడతపెట్టి ఉన్నాయి మేడమ్. ఉండి ఏం లాభం!"

మేడమ్ ఇంకెవర్ని తిడుతుంది? ఒక పిల్లకి ఒకే నంబరు, ఒకే విడుదల అనే నియమం రాసింది తనే. నాలుగేళ్ళ కిందట ఏదో సంస్థ ఒకే పిల్లవాడిని ముగ్గురుగా చూపించిందని తెలిసి, ఇలాంటి మోసాలకి ఇకమీదట తావు ఉండకూడదని ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చుని రాసింది. ఆ వారమంతా వంట మొగుడే చేశాడు. నియమాన్ని అందరూ మెచ్చుకున్నారు. బయటపడిన పిల్ల మళ్ళీ చాకిరీలో పడితే ఏం చెయ్యాలని ఒక్కరూ అడగలేదు. ఆవిడకీ తట్టలేదు.

ముఖ్య కార్యాలయానికి ఫోన్ చేసింది. అక్కడ లెక్కలు చూసే ఆయన్ని అందరూ చల్లనయ్య అంటారు. మిన్ను విరిగి మీద పడ్డా గొంతు పెంచడు.

"మేడమ్, నాలుగు వందల పదిహేడో నంబరు పోయిన ఏడే విడుదలైపోయింది," అన్నాడాయన తాపీగా.

"అయిపోతే షెడ్లో ఎలా ఉందండీ? దాని నీడ వచ్చి రొయ్యలు ఒలుస్తోందా?"

"నన్నంటే ఏం లాభం మేడమ్? వెయ్యి మంది విడుదల అని నివేదిక ఇచ్చాం. దాన్ని చూసే దాతలు రెండో దశకి డబ్బివ్వడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఒకటి తగ్గిస్తే..."

"తొమ్మిది వందల తొంభై తొమ్మిది అవుతుంది. ఆ లెక్క నాకూ వచ్చు."

"పది మంది వచ్చారు కదా. ఈసారికి ఈ ఒక్కదాన్నీ వదిలెయ్యండి."

వదిలెయ్యాలిట! ఆ ముక్క వినగానే మేడమ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "వదిలెయ్యడానికి అదేమైనా బస్సులో మర్చిపోయిన గొడుగా? విడుదల రద్దు చెయ్యడానికి దారుందా లేదా, అది చెప్పండి."

ఆయన చివరికి దారి చెప్పాడు. నంబరు తెరిచి 'రద్దు' నొక్కితే కారణం అడుగుతుంది. కారణాలు రెండే రెండు. బాలిక మరణించింది. లేదా, నమోదు తప్పుడుది.

"తప్పుడుదంటే మాత్రం విచారణ పడుతుంది మేడమ్. కింద సంతకం మీది. తప్పుడు నమోదు చేసినవాళ్ళు ఉద్యోగంలో ఉండకూడదన్నది కూడా మీరు రాసిందే."

మేడమ్ ఫోన్ పెట్టేసి కళ్ళు మూసుకుంది. ఏడుపొచ్చింది, ఏడవడానికి తీరిక లేదు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఒక్క అబద్ధపు అంకె కూడా రాయలేదని గర్వపడుతూ వచ్చిన మనిషి, ఇవాళ తన చేత్తో తనే దొంగనని రాసుకోవాలి. పోనీ చనిపోయిందని రాద్దామా అంటే, చచ్చిన పిల్లకి మంచం ఎవరిస్తారు?

"మేడమ్, ఒంటిగంటయింది," అంది అత్తమ్మ.

"తెలుసమ్మా, తెలుసు. గడియారం నా ఎదురుగానే తగలడింది."

వేలు పెట్టి 'నమోదు తప్పుడుది' అన్నదాన్ని నొక్కింది. అంతసేపూ బిర్రబిగుసుకుని కూర్చున్న పరికరం కిక్కురుమనకుండా చీటీ ఇచ్చేసింది. ఆరో గది, రెండో మంచం. ఇంత సులువా! మేడమ్‌కి దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. దానితో ఇంకా పనుంది.

జీపు షెడ్డు ముందు ఆగేసరికి రెండింటికి పది నిమిషాలు. వ్యాను తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల నీచు వాసన, సిమెంటు గచ్చు మీద కరిగిన ఐసు నీళ్ళు, తొట్ల పక్కన చిన్న చిన్న పీటలు. పది మంది పిల్లలు గోడవారగా నిలబడి ఉన్నారు. పదకొండోది వ్యాను మెట్టు మీద కూర్చుని ఉంది. పన్నెండేళ్ళు ఉంటాయేమో. వేళ్ళు పాలిపోయి, చివర్లు నెర్రెలు విచ్చి ఉన్నాయి.

మేస్త్రీ చేతులు కట్టుకుని నవ్వాడు. "దండాలు మేడమ్. దాన్ని మీరు పోయినేడే విడిపించేశారు కదా, మళ్ళీ దాంతో మీకేం పని?"

మేడమ్ చీటీ ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మేస్త్రీని పక్కకి తప్పుకోమన్నాడు. మేస్త్రీ నవ్వు ఆరిపోయింది. అంత చిరాకులోనూ మేడమ్‌కి ప్రాణం లేచొచ్చింది.

అత్తమ్మ పిల్లని జీపులో ఎక్కించి, తన కొంగుతో ఆ చేతులు తుడిచింది. మేడమ్ పక్కన కూర్చుంది.

"మళ్ళీ ఎందుకు వచ్చావమ్మా పనిలోకి? స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారా?"

పిల్ల అర్థం కానట్టు చూసింది. "ఏ స్కూలు?"

"పోయిన ఏడు విడుదలయ్యాక వేశారు కదా."

"ఆ రోజా? గౌను ఇచ్చి బస్సెక్కించారు. పెద్ద గదిలో బెంచీల మీద కూర్చోబెట్టి ఫొటో తీశారు, వేలిముద్ర వేయించారు. సాయంత్రం గౌను విప్పించుకుని మళ్ళీ ఇక్కడే దింపేశారు మేడమ్. నేను పని మానేసిందెప్పుడు?"

మేడమ్‌కి విషయం అప్పుడు వెలిగింది. అప్పట్లో ఈ రేవు పని చూసింది ఒక భాగస్వామ్య సంస్థ. వాళ్ళ కాగితాలు చూసి, ఫొటోలు చూసి, సంతకం పెట్టింది తను. ఇందాక అబద్ధం రాస్తున్నాననుకుని కుమిలిపోయిందే, రాసింది అక్షరాలా నిజం.

"ఆ బస్సులో ఎంతమంది ఉన్నారు?"

"నలభై ముగ్గురం. నాలుగు వందల రెండు నుంచి నాలుగు వందల నలభై నాలుగు దాకా. మేస్త్రీ మమ్మల్ని నంబరు పిల్లలంటాడు. వేరే పిల్లలైతే మీవాళ్ళొచ్చి పట్టుకుపోతారట. మేమైతే భయం లేదట, మమ్మల్ని ఎవ్వరూ మళ్ళీ తీసుకెళ్ళలేరట. అందుకే అన్ని రేవుల వాళ్ళూ మమ్మల్నే అడుగుతారు."

"ఓరి నీ దుంప తెగ!" అంది అత్తమ్మ. ఎవర్ని అందో ఆవిడకే తెలీదు.

"మిగతా వాళ్ళేరి?" అంది మేడమ్.

"పోయిన వారం పంపేశారు. ఎక్కడికో నాకు చెప్పలేదు. జ్వరమొచ్చి నేనొక్కదాన్నే మిగిలిపోయాను."

మేడమ్ ఒక్క ఉదుటున జీపు దిగి ఇన్‌స్పెక్టరు దగ్గరకి పరుగెత్తింది. "ఆ మేస్త్రీని కదలనివ్వకండి. ఇంకా నలభై ఇద్దరు ఉన్నారు." మేస్త్రీ ఏ రేవూ తనకి తెలియదన్నాడు. పైగా, "వాళ్ళందర్నీ విడిపించామని మీరే సంతకం పెట్టారు కదా మేడమ్," అన్నాడు. అతన్ని స్టేషన్‌కి తీసుకెళ్తానని ఇన్‌స్పెక్టరు వ్యాను తాళాలు లాక్కున్నాడు.

ఫోన్ మోగింది. చల్లనయ్య. "మేడమ్, చెయ్యి జారి తప్పు నొక్కానని ఒక్క మాట రాసి పంపండి. పొరపాటు కింద సర్దేద్దాం."

"చెయ్యి జారలేదండీ. జారింది ఏడాది కిందట, సంతకం పెట్టినప్పుడు. వెయ్యి నంబర్లూ మొదటి నుంచి తెరవాలి. నన్ను తీసేస్తే తీసెయ్యండి, తెరవడం మాత్రం ఆపకండి," అని పెట్టేసింది.

జీపెక్కి ట్యాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుంది. "నాలుగు వందల రెండు ఎవరమ్మా?"

"దగ్గుల పిల్ల. నాకంటే చిన్నది. రాత్రంతా దగ్గుతూనే ఉంటుంది."

మేడమ్ ఆ నంబరు తెరిచి 'రద్దు' నొక్కింది. కారణం, నమోదు తప్పుడుది. పరికరం వెంటనే ఒప్పుకుని చీటీ ఇచ్చింది. ఆరో గది, మూడో మంచం. ఆ పిల్ల ఏ రేవులో ఉందో జీపులో ఎవరికీ తెలియదు.

"తర్వాతది ఎవరు తల్లీ?" అంది మేడమ్.