చరణాలు లేని పాటలు

పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే ఇనుపరాయి ఎర్రదుమ్ము కిటికీల్లోంచి వచ్చి క్వార్టర్లో అన్నిటి మీదా కూర్చుంటుంది. నారాయణమ్మ తడిగుడ్డతో ట్రాన్సిస్టరు తుడుస్తోంది. రేపు దాన్ని పరవాడ పంపేస్తున్నారు. ఎర్రగా పంపితే అక్కడ తోటికోడలు ఏమంటుందోనని భయం.

పంపేయాలన్నది ఆమె భర్త గురునాథరావు. పోర్టులో క్రేను నడుపుతాడు. నిన్న డ్యూటీ దిగి, టీ గ్లాసుతో పడక్కుర్చీలో వాలి తేల్చేశాడు.

"పాటంటే మన కాలంలోదే. ఇప్పుడివి పాటలేటే, రేకుడబ్బాలో గులకరాళ్లు. ఇయ్యి ఇని ఇని పిల్ల సెడిపోతంది. మా తమ్ముడికి ఇచ్చేత్తాను, పీడా పోద్ది."

"అదే మంచిదిలెండి," అంది నారాయణమ్మ.

అలా అనడానికి ఆమె కారణం ఆమెకుంది. కూతురు తాయారు ఇంటరు చదువుతోంది. ఈమధ్య గిన్నెలు తోముతూ కూనిరాగాలు తీస్తోంది. కూనిరాగం తీసే పిల్ల కిటికీ దగ్గర నిలబడుతుంది. కిటికీ దగ్గర పిల్లను ఎవడో చూస్తాడు. ఆపైన సముద్రం ఎంతో దూరం లేదు. ఆలోచన అక్కడిదాకా పోయేసరికి నారాయణమ్మకు చెమటలు పట్టేవి.

నిన్నటినుంచి మాట్లాడని తాయారు ఇప్పుడొచ్చి పక్కన కూర్చుంది.

"నాన్న సరే అమ్మా, నువ్వెందుకు ఊఁ అన్నావు? కొత్త పాటలు నీకూ బాగోవా?"

"బాగుంటే మాత్రం ఏటమ్మీ, వాటికి సరణాలుండవు గదా. పల్లవి పాడేసి ఊరుకుంటారు. మా రోజుల్లో పాటకి రెండేసి, మూడేసి సరణాలుండేవి."

తాయారు నవ్వబోయి తల్లి ముఖం చూసి ఆగిపోయింది. వేళాకోళం కాదు, నిజంగానే అంటోంది.

"ఉంటాయే అమ్మా. పల్లవి అవ్వగానే నువ్వే లేచిపోతావు."

నారాయణమ్మ తుడిచే గుడ్డ పక్కన పెట్టింది. పెళ్లికి ముందు సాయంత్రాలు పంచాయతీ రేడియో పెట్టేవారు. వదిన కాసులమ్మతో అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీసేది. చేతులకు పనుండేది గాని చెవులు తనవే. పాట మొదలైన చోట కూర్చుంటే అయిపోయిన చోటే లేచేది. ఈ ఇంటికొచ్చాక చెవులకూ డ్యూటీ పడింది. కుళాయి బుస్సుమందా, పాలు పొంగుతున్నాయా, ఆయన సైకిలు బెల్లు మోగిందా, పోర్టులో వేళకాని వేళ సైరను కూసిందా. కూస్తే క్రేను కూలిపోయిందనే ఆమె లెక్క. "రేడియోకాడ కూకుంటే సంసారం ఏటవుద్ది," అనేది అత్తగారు. ఆయనకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ పాట మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు. పాత పాటలే ఎందుకు బాగుంటాయో నారాయణమ్మకు ఇన్నాళ్లూ తెలియలేదు. ఆ పాటల్లో తను చివరిదాకా కూర్చుని ఉంది.

"ఏదీ, పెట్టు," అంది.

తాయారు రేడియో పెట్టింది. ఏదో కొత్త పాట, ఆడగొంతు. పల్లవి అయింది. సరిగ్గా అప్పుడే వీధిగదిలోంచి పిలుపు వచ్చింది.

"ఏటే, టీ ఏదీ?"

మోకాళ్లు వాటంతటవే లేవబోయాయి. ఆయన కేకలేస్తాడు, పిల్లమీద చెయ్యి చేసుకుంటాడు, రేడియో నేలకేసి కొడతాడు. అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. నారాయణమ్మ చీర కుచ్చెళ్లు గుప్పిట బిగించి అలాగే కూర్చుంది. పల్లవికీ చరణానికీ మధ్య వాయిద్యాలు ఇంతసేపు మోగుతాయని ఆమెకు తెలియదు. ఇన్నేళ్లూ తను లేచి వెళ్లిపోయింది ఈ సందులోనే.

చరణం మొదలైంది. గురునాథరావు గుమ్మంలోకి వచ్చాడు.

"పిలుత్తంటే ఇనబడదేటి?"

"ఇనబడతంది," అంది నారాయణమ్మ. రేడియోను ఒళ్లోకి లాక్కుంది. "ఇది పరవాడ ఎల్లదు. కూకోండి, ఇంకో సరణం ఉందంట."