నర్సింగు ఊపిరి

నాయన పోయిన మూడో రోజు, కాకిని పిలిచి పిట్టకు పెట్టే వేళ, చుట్టాలంతా చూస్తుండగానే ఐలన్న గడ్డపార ఎత్తి తమ్ముడు నర్సింగు తల మీద కొట్టాడు.

నర్సింగు అప్పుడు వంగి విస్తరి సర్దుతున్నాడు. "నాయన్ను సంపినవ్‌రా" అని అన్న అంటే, "సంపలే, నాయనే అడిగిండు" అని తలెత్తకుండానే జవాబిచ్చాడు. ఆ మాటతోపాటే విస్తరి మీద బోర్లా పడ్డాడు. అన్నం ఎర్రబడింది. ఐలన్న రెండోసారి ఎత్తేసరికి తల్లి బీరమ్మ గడ్డపార పట్టుకుని వేలాడింది. వాడకట్టు మగవాళ్లు ఐలన్నను కిందపడేసి, బర్రెను కట్టే పలుపుతో కట్టేసి, పోలీసులు వచ్చేదాకా తన్నారు.

నర్సింగు అబద్ధం చెప్పలేదు. ఆస్పత్రిలో తండ్రి కొమురయ్య ఊపిరి ఎగపోస్తుంటే గొంతులో పైపు వేస్తామన్నారు డాక్టర్లు. ఆయన చేతులు అడ్డం పెట్టాడు. తన ఇంట్లో, నేల మీద పడుకోబెడితే అక్కడే పోతానన్నాడు. బీరమ్మ ఒప్పుకుంది. నర్సింగు ఆటో తెచ్చాడు. లారీ మీద నాగపూర్ పోయిన ఐలన్న తిరిగొచ్చేసరికి తండ్రి చాప మీద బిగుసుకుపోయి ఉన్నాడు. పైపు వేయిస్తే బతికేవాడని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని, తాగుతూ, ఏడుస్తూ గడిపాడు ఐలన్న. ఇంటికి తెద్దామన్నది తాను కూడానని బీరమ్మ ఎంత చెప్పినా వినలేదు. తల్లి మీద ఎత్తలేని చెయ్యి తమ్ముడి మీద ఎత్తాడు.

బీరంగూడ దగ్గర ఆస్పత్రిలో నర్సింగును మిషన్ మీద పెట్టారు. కొన్నాళ్లకు డాక్టర్లు బీరమ్మనూ, నర్సింగు భార్య భవానినీ కూర్చోబెట్టి చెప్పారు. మెదడు మళ్లీ కోలుకోనంతగా దెబ్బతింది, ఊపిరి మిషన్ మీద ఆడుతోంది, తీయాలా ఉంచాలా అన్నది ఇంటివాళ్లు ఆలోచించుకోవాలి. భవాని గోడకు తల ఆనించి, కన్నతల్లివి, నువ్వే చెప్పు అంది.

ఆ మాట బయటికి పొక్కగానే ఐలన్న భార్య సుగుణ ఆస్పత్రికి వచ్చి అత్త కాళ్ల మీద పడింది. మరిది పోతే హత్య కేసు అవుతుందట, మిషన్ ఉంచమని వేడుకుంది. భవాని అన్న మల్లేష్ అక్కడే ఉన్నాడు. సుగుణను కొప్పు పట్టి లేపి మొఖం మీద పిడికిలితో గుద్దాడు. ఆమె పెదవి చీలి రక్తం రవిక మీద కారింది. సెక్యూరిటీ వాళ్లు లాక్కుపోతుంటే వెనక్కి తిరిగి అరిచాడు.

"తీపియ్యి అత్తా. వాడు జైల్లనే కుళ్లాలె."

ఒకరికి నర్సింగు చావాలి, ఒకరికి బతికి ఉండాలి. ఇద్దరికీ కావలసింది కేసే. లోపల పడున్న పిల్లాడి సంగతి ఎవరికీ పట్టలేదు.

బీరమ్మ బీరప్ప గుడి పూజారి దగ్గరికి పోయింది. పోయే ప్రాణాన్ని కట్టెయ్యకూడదు, కట్టేస్తే అటూ ఇటూ కాకుండా గాలిలో తిరుగుతుందన్నాడాయన. అయితే తీసెయ్యమంటవా అని అడిగింది.

"గది నేను చెప్ప బీరమ్మా. నీ కడుపుల పుట్టిండు."

తెల్లారి సంగారెడ్డి బస్సెక్కి జైలుకు పోయింది. ఇనుప జాలీకి అవతల ఐలన్న వాచిన మొఖంతో నిలబడ్డాడు. తమ్ముడి మిషన్ తీపిస్తున్నానని ఆమె చెప్పింది.

"తియ్యకవ్వా. తీస్తే నేను సంపినోన్నయిత."

"నువ్వే సంపినవ్ కొడుకా. మిషన్ తీసుడు సంపుడు గాదు."

ఐలన్న జాలీకేసి తల బాదుకున్నాడు. నుదురు చిట్లి రక్తం కళ్లలోకి దిగినా ఆపలేదు. జవాన్లు లాఠీలతో వీపు మీద వేసి ఈడ్చుకుపోయారు. బీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, ఆ అరుపు వినపడినంతసేపూ అక్కడే నిలబడింది.

నర్సింగును ఇంటికి తీసుకుపోనివ్వలేదు. పోలీసు కేసు, పోస్టుమార్టం చేయాలి. అందుకని బీరమ్మ తన వాకిట్లో మన్ను తవ్వి కొంగున మూటగట్టుకుని వచ్చింది. మంచం మీద మన్ను పొయ్యొద్దని అక్కడి సిస్టర్ అనబోయి, ఆమె మొఖం చూసి పక్కకు తప్పుకుంది. బీరమ్మ కొడుకు వీపు కిందా మడమల కిందా ఆ మన్ను పరిచింది. బీరప్ప గుడి పసుపు నుదుట పెట్టింది. పైపు తీశాక భవానీ బీరమ్మా చెరో చుక్క నీళ్లు పెదవుల మీద వేశారు. నర్సింగు ఛాతీ ఒకసారి ఎగిసి, మళ్లీ ఎగిసి, ఆగిపోయింది. భవాని అతని మీద పడి గుండెలు బాదుకుంది.

శవం ఊరికి రాకముందే మల్లేష్ మనుషులు ఐలన్న ఇంటి మీద పడ్డారు. తలుపులు గొడ్డళ్లతో చీల్చారు, బండి తగలబెట్టారు, అడ్డం వచ్చిన సుగుణ చెయ్యి కర్రతో విరగ్గొట్టారు. శవం వచ్చాక, ఆ చెయ్యి చున్నీతో మెడకు కట్టుకుని ఆమె నర్సింగును పూడ్చే గుంట దగ్గరికి వచ్చింది. మల్లేష్ మళ్లీ కర్ర ఎత్తాడు. భవాని కర్ర లాక్కుని అవతల పారేసి, ఇక చాలంది. తర్వాత అత్త వైపు తిరిగింది.

"నువ్వు ఎవరి దిక్కు అత్తమ్మా?"

బీరమ్మ వంగి కొడుకు మీద మొదటి మన్ను వేసింది. గుంట పూడ్చినంతసేపూ ఆమె భవాని పక్కనే కూర్చుంది. ఆ పని అయ్యాక లేచి, నొప్పికి వణుకుతున్న సుగుణను నడుం పట్టి నడిపించుకుంటూ ఆస్పత్రికి పోను ఆటో కోసం రోడ్డు మీదికి పోయింది. వెనకనుంచి ఎవరో బూతులు తిట్టారు. ఆమె తిరిగి చూడలేదు.