గట్టి ఓట్ల వీధి

డెబ్బై ఏడు ఎన్నికల్లో పార్టీ చిత్తుగా ఓడిపోయాక, తిరుత్తణి నేతగాళ్ల వీధిలో తలరాతను తిట్టుకోని మనిషి ఆదిమూలం ఒక్కడే. నేరుగా నాయకుడు సుందరరాజులు ఇంటికి వెళ్లి ముఖం మీదే చెప్పాడు.

"అయ్యా, మనకి జెండాలుండాయి, మైకులుండాయి. ఆలోచన చేసేవాళ్లే లేరు. ఎలక్షనొస్తే కూడతాం, పోతే చెదిరిపోతాం. ఏడాది పొడుగునా కూర్చోని ముందుచూపుతో లెక్కేసే కమిటీ ఒకటి గావాల. మనం పోయినా అది ఉండాల."

ఓడిన నాయకుడికి ఎవరి మాటైనా చెవికెక్కుతుంది. తిరువళ్లూరులో సైకిల్ షాపు మీది గది ఇచ్చాడు.

ఆ కమిటీని ఆదిమూలం పడుగు అతికినట్టు కట్టాడు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే నేతగాడు పాత పోగుల కొసలు పీకెయ్యడు. కొత్త పోగులను వాటికే ఒక్కొక్కటిగా ముడేస్తాడు. కమిటీలోనూ అంతే, కొత్తవాడికి పని నేర్పాకే పాతవాడు తప్పుకోవాలి. తీర్మానమయ్యాక నాయకుడైనా సరే ఒంటి నోటితో మార్చడానికి లేదు. అన్నిటికన్నా ముఖ్యం, గట్టి ఓట్లున్న చోట పార్టీ చెమటోడ్చకూడదు, ఊగే ఓట్లున్న చోటే ఓడ్చాలి. ఈ ముక్కకు గదంతా చప్పట్లు కొట్టింది. ఆదిమూలం మురిసిపోయాడు, పాపం.

తరువాతి ఎన్నికల్లో పార్టీ గెలిచింది. సర్కారు నేతగాళ్లకు మగ్గాల షెడ్డు ఒకటి కట్టిస్తుందనీ, ఎక్కడో పార్టీయే చెప్పాలనీ కబురొచ్చింది. ఆదిమూలం అక్క అమృతవల్లిది గుంత మగ్గం. అరవ నెల ఐప్పసిలో వానలు పడితే వీధి నీళ్లన్నీ ఆ గుంతలోకే దిగుతాయి. కాళ్లు పెట్టే చోటుండదు, నేత ఆగుతుంది, పొయ్యి వెలగదు. బావ పోయాక ఆమెకు ఆ మగ్గమే దిక్కు.

"ఈసారి షెడ్డు మన వీధికేనక్కా" అని మాటిచ్చి ఆదిమూలం బస్సెక్కాడు.

కమిటీలో కేశవన్ లేచాడు. బ్యాంకు గుమస్తా. ఆదిమూలమే ఏరి తెచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు.

"అయ్యా, మీ వీధి గట్టి వీధని మీరే చెప్పినారు. షెడ్డిచ్చినా ఇయ్యకపోయినా మనకే ఏస్తారు. కనకమ్మ సత్రం ఊరి నేతగాళ్లు ఊగతా ఉండారు. షెడ్డు ఆడ కడితేనే లాభం. మీరు నేర్పిందే గదా?"

గొంతులో వెటకారం లేదు. అదే ఆదిమూలాన్ని ఎక్కువ కోసింది. చేతులు లేచాయి, తీర్మానం అయిపోయింది.

మెట్ల దగ్గర సుందరరాజులు భుజం మీద చెయ్యేశాడు. "ఆదిమూలమన్నా, మొగం అట్లా మాడ్చుకున్నావేంది? ఒక్క మాట చెప్పు, రేపే మార్పించేస్తా."

ఒక్క మాట చాలు, అక్క కాళ్లు పొడిగా ఉంటాయి. కానీ ఇవాళ తన కోసం వంగిన కమిటీ రేపు ఎవడి కోసమైనా వంగుతుంది. ఆదిమూలం తల అడ్డంగా ఊపాడు.

"వద్దయ్యా. కమిటీ చెప్పిందే జరగనీ."

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే అక్క అన్నం వడ్డించి మగ్గం దగ్గరికి పోయింది.

షెడ్డు కనకమ్మ సత్రంలోనూ లేవలేదు. ఊత్తుకోట దగ్గర సుందరరాజులు బామ్మర్ది చేలో లేచింది. అందులోకి మగ్గాలు రాలేదు, ఆయనగారి వేరుశనగ మూటలు చేరాయి. ఆదిమూలం ఒళ్లు మండి తిరువళ్లూరు పరుగెత్తాడు.

"ఊత్తుకోటకి మార్చమని నాయకుడు ముందే చెప్పేసినాడయ్యా" అన్నాడు కేశవన్ తల దించుకుని. "కారణాలు మేం తరవాత కూర్చోని రాసినాం."

కమిటీ మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పటికీ నెలనెలా కూర్చుంటుంది, టీ తాగుతుంది. ఏది అడక్కూడదో పాతవాళ్లు కొత్తవాళ్లకు శ్రద్ధగా నేర్పుతున్నారు. అది కలకాలం నిలబడాలని ఆదిమూలం కోరుకున్నాడు, నిలబడింది. దాని మొహం మండ!

ఐప్పసి వచ్చింది. అమృతవల్లి చీర ఎగ్గట్టి, గుంతలో దిగి డబ్బాతో నీళ్లు తోడుతోంది. ఆదిమూలం ఇంకో డబ్బా అందుకున్నాడు. ఇద్దరూ చాలాసేపు తోడారు. తోడినంతా వాన మళ్లీ నింపుతోంది.

"మళ్లా ఎలక్షనంట గదరా" అంది ఆమె తలెత్తకుండా. "ఈ వీధోళ్లం ఎవురికి ఏస్తామో వాళ్లకి ముందే తెలుసునా?"

"తెలుసక్కా" అన్నాడు ఆదిమూలం. "నేనే చెప్పినాను."