ప్రతిమ వడ్డించిన పగ

చింతామణిలో ప్లాట్లు అమ్మించే నాగరాజ్ ఇంటికి ఒక మధ్యాహ్నం బట్లహళ్ళి నుంచి మామ ఆంజనేయప్ప వచ్చాడు. భోజనాల దగ్గర ఇంకొంచెం అన్నం అడిగాడు. నాగరాజ్ స్నేహితుల ముందే నవ్వాడు.

"ఎండుకట్టె మాదిరి ఉండావు, యాడికి పోతాది మామా ఈ తిండంతా? మీ ఇంట్లో పొయ్యి వెలగల్యాదా?"

ఆంజనేయప్ప అన్నంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ వానాకాలంలోనే పోయాడు.

ఆంజనేయప్ప కూతురు ప్రతిమ మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి అతను అడిగిందల్లా వండింది. పొద్దున నూనె కారే వడలు, మధ్యాహ్నం మాంసం, సాయంత్రం బోండాలు, పడుకోబోయే ముందు మీగడ పెరుగన్నం. నాగరాజ్ బైకు పోయి కారొచ్చింది, నడక మాట మరిచాడు. చొక్కా గుండీలు తెగుతుంటే "సుఖపడిన ఒళ్ళప్పా" అని స్నేహితులు మెచ్చుకునేవాళ్ళు. వాళ్ళ పొట్టలూ అట్లాగే ఉండేవి.

షుగరు బయటపడినప్పుడు, ఏం తినాలో రాసిన కాగితాన్ని డాక్టరు ప్రతిమ చేతికిచ్చాడు. నాగరాజ్ బయట ఫోన్లో బేరం మాట్లాడుతున్నాడు. ఆమె ఇంటికొచ్చి దాన్ని నీళ్ళపొయ్యిలో పెట్టింది.

2008లో కాలిపుండు మానక చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి పోయారు. "ఇంట్లో వంట ఎవరిది?" అని డాక్టరమ్మ కసిరింది.

"ఆమెనేమీ అనద్దమ్మా," అన్నాడు నాగరాజ్. "నా పెండ్లాం దేవత. ఒక్క పూట కూడా ల్యాదనల్యా."

ప్రతిమ మనసు మాత్రం కరగలేదు. అతన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"అన్నం, నూనె తగ్గించమని రెండేండ్ల ముందే రాసిచ్చినారు. నేనే కాల్చేస్తి."

"యాల?"

"మా నాయన అన్నంలో చెయ్యి కడుక్కున్న్యాడే, అందుకు."

నాగరాజ్ కొట్టబోయాడు. బెంచీ మీంచి లేవలేకపోయాడు. ఆమె అడుగు దూరంలో నిలబడి, అతని పెనుగులాటంతా చూసింది.

ఆ తర్వాత అతను ఆమె చేతి నీళ్ళు కూడా ముట్టలేదు. తన సంగటి తానే కెలుక్కున్నాడు. పుండు మానాక కైవార దారిలో రోజూ నడిచాడు. ఏడాదికి పొట్ట సగమైంది. పగ తీర్చుకోబోయి బతికించానా అని ప్రతిమకు ఒళ్ళు మండేది. కానీ ఆమె వంటింట్లోకి వస్తే చాలు, అతను బెదిరి గిన్నె మీద మూత పెట్టి గట్టిగా పట్టుకునేవాడు. అది చూసినప్పుడు ఆమెకు ప్రాణం లేచొచ్చేది.