వాడిన పెట్టెకు గడి లేదు

అక్కాబావల లాండ్రీ కాలిపోయిన పదకొండో రోజున విచారణాధికారి నన్ను పిలిపించాడు. పరీక్షాశాలలో ముప్పై ఏళ్లు స్విచ్ పెట్టెల ప్లాస్టిక్‌కు మంట పెట్టి చూడటమే నా ఉద్యోగం. అక్కడ నా పేరు అగ్గిపుల్ల. లాండ్రీలో బిగించిన రకానికి ఆమోదముద్ర వేసింది నేనే. బంధువునని ముందే చెప్పాను. "మీకంటే తెలిసినవాళ్లెవరున్నారండీ?" అన్నాడాయన.

తేలవలసింది ఒకటే: మంట స్విచ్ పెట్టెలో పుట్టిందా, బావ ఇస్త్రీపెట్టె ఆపకుండా భోజనానికి వెళ్లాడా? రెండోదే అయితే ఆయనకు మళ్లీ లాండ్రీ తెరిచే అనుమతి రాదు.

"ఆపానయ్యా! ఆపి, వైరు చుట్టి మరీ వెళ్లాను. బట్టలారబెట్టే యంత్రం ఒక్కటే తిరుగుతోంది," అన్నాడు బావ.

ఆ యంత్రానికి కరెంటు ఇచ్చే పెట్టె సరిగ్గా దాని పైనే ఉండేది. లోపల తీగ వదులై వేడెక్కినా పెట్టె అంటుకోకూడదు. అధికారి గోదాములోంచి అదే రకం కొత్త పెట్టె తెప్పించాడు. నేను ముక్క కోసి, నిలువుగా బిగించి, పది సెకన్లు మంట పెట్టి తీశాను. నాలుగు సెకన్లలో ఆరిపోయింది.

"పెట్టె బంగారం," అన్నాడు అధికారి.

నేను సంచిలోంచి రెండో పెట్టె తీశాను. లాండ్రీ వెనకగదిలో, ఇంకో యంత్రం పైన తొమ్మిదేళ్లు వేడి తిని, మంటలకు దొరక్కుండా మిగిలినది. ఒకప్పుడు తెలుపు, ఇప్పుడు టీ రంగు.

"ఇందులో మంటనాపే మందు కలుపుతారు. ఏళ్ల తరబడి వేడి తగిలితే అది కొద్దికొద్దిగా తగ్గిపోవచ్చు. మేం ఎప్పుడూ కొత్త ముక్కలే కాల్చి చూశాం."

"వాడిన పెట్టెకు ఫారంలో గడి లేదండీ," అన్నాడు అధికారి.

"గడి లేకపోతే పోయె, పెట్టె ఉందిగా బాబూ!" అంది బావ పక్కనే నిలబడ్డ అక్క.

దాన్నీ ముక్క కోసి అంటించాను. మంట తీసినా ఆరలేదు. బల్ల మీద చుక్కలు రాలుస్తూ, బిగించిన పట్టకారు దాకా కాలింది.

అధికారి కలం తీశాడు. "ఈ ఒక్కదాన్ని బట్టి, వేడి వల్లే ఇలా అయిందని ఖాయంగా చెప్పగలరా?"

ఒక్క నమూనా రుజువు కాదని ఎందరికో నేర్పినవాణ్ణి. "చెప్పలేను. కనీసం ఐదు పాత పెట్టెలు కావాలి," అన్నాను. అదే వేడి తిన్న తక్కినవన్నీ లాండ్రీతోపాటే బూడిదయ్యాయి.

ఖాయం కాదని నిపుణుడే ఒప్పుకున్నట్లు ఆయన రాసుకున్నాడు.

మెట్లు దిగుతూ అక్క నిలదీసింది. "కొత్తవి ఐదు కాల్చి ఊరందరికీ భరోసా ఇచ్చినప్పుడు లేని అనుమానం, మీ బావ దగ్గరే ఊడిపడిందట్రా?"



నెల తిరక్కుండా నివేదిక వచ్చింది: యజమాని నిర్లక్ష్యం. బావ దాన్ని రెండుసార్లు చదివి మడిచాడు.

"ఏమోలే, మర్చిపోయానేమో. అంత పెద్దాఫీసు ఊరికే రాస్తుందా?"

"మీరు ఆపే ఉంటారు బావగారూ."

"నువ్వు చూశావా?"

నేను చూడలేదు. చూడనిదాన్ని చూశానని జీవితంలో ఒక్కసారీ అనలేదు. ఆ రోజు కూడా అనలేకపోయాను. బావ తల ఊపాడు, చివరి సాక్షి కూడా తనకు వ్యతిరేకంగానే చెప్పినట్లు.